కబురుకు సనదేది?

సనదు అనే మాట తెలుగువాళ్లకు కొత్తది కాదు. ఇనాం భూమి నాదన్నవాడు సనదు చూపాలి. వకీలు కోర్టులో నిలబడాలంటే సన్నదు కావాలి. అదే అరబ్బీ మాటకు మా హదీసు శాస్త్రంలో ఇంకో పని ఉంది. ప్రవక్త ఇలా అన్నారని ఒకరు చెబితే, నువ్వెవరి నోట విన్నావు, ఆయనెవరి నోట విన్నాడు అని మొదటి మనిషి దాకా అడుగుతూ పోవాలి. ఆ పేర్ల గొలుసే సనద్. గొలుసులో అబద్ధాలకోరు ఉన్నా, ఉత్త మతిమరుపు మనిషి ఉన్నా మాట బలం తగ్గుతుంది. 9వ శతాబ్దంలో ఇమామ్ బుఖారీ దేశాలు పట్టుకు తిరిగింది ఈ విచారణ కోసమే.

ఇప్పుడు మా చేతుల్లో వాట్సప్ ఉంది. జ్వరానికి మందేమిటో, హజ్ దరఖాస్తు ఎప్పుడో, బ్యాంకు వడ్డీ హరామో కాదో అన్నీ గ్రూపుల్లోనే అడుగుతున్నాం. ముఫ్తీ ముందు కూర్చుని నోరు విప్పలేని ఆడపిల్ల కూడా అడగగలుగుతోంది. ఇది చిన్న సంగతి కాదు. మరి జవాబిచ్చేదెవరు? గొంతు వినిపిస్తుంది, పేరుండదు. 2018 జులైలో వాట్సప్ 'ఫార్వర్డెడ్' అని ముద్ర వేయడం మొదలుపెట్టింది. సరుకు చేతులు మారిందని ఆ ముద్ర చెబుతుంది. మొదట వండిందెవరో చెప్పదు.

2020 మార్చి చివర నిజాముద్దీన్ మర్కజ్ సంగతి బయటికొచ్చాక 'కరోనా జిహాద్' అన్నారు. పండ్ల మీద ఉమ్ముతున్నామన్నారు. ఎప్పటివో, ఎక్కడివో వీడియోలు! దేశంలో కొన్నిచోట్ల తోపుడుబండి సాయిబును వీధిలోకి రానివ్వలేదు. ఏ గొలుసూ అడగకుండా నమ్మినవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లున్నారు, మాతో కూర్చుని ఇఫ్తార్ విందులు తిన్నవాళ్లున్నారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 29 మంది విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేసింది. ఆ తీర్పు ఎన్ని గ్రూపుల్లో తిరిగింది? అబద్ధం చెప్పేవాడికి సనదు అక్కర్లేదు. కాదు మహాప్రభో అనడానికి మాకు కావాలి.

మా గ్రూపుల సంగతి కూడా చెప్పుకోవాలి. కోవిడ్ టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరన్న పుకారును దువాతో కలిపి పంపినవాళ్లు మాలో లేరా? నమ్మకం లేని మనిషి కబురు తెస్తే విచారించుకోండి, తెలియక ఒక జనానికి హాని చేస్తారు అని హెచ్చరిస్తుంది ఖురాన్‌లో హుజురాత్ సూరా. మౌల్వీ గొంతులా ఉంటే వదిలేయమనలేదు.

ఇంటర్నెట్టంతా ఇట్లాగే ఉందనడం అన్యాయం. 2003లో పుట్టిన తెలుగు వికీపీడియా, 2004లో పుట్టిన ఉర్దూ వికీపీడియా చూడండి. రాసేవాళ్లు పండితులే కానక్కర్లేదు. కానీ ప్రతి పేజీకి వెనక 'చరిత్ర' ఉంటుంది. ఏ మాట ఏ రోజు చేరిందో, ఎవరి ఖాతా నుంచి చేరిందో, ఎవరు కొట్టేశారో అందులో కనిపిస్తుంది. ఆ పేరు మారుపేరు కావచ్చు, మనిషి గుణం మనకు తెలియదు. అందుకే అచ్చయిన మూలం చూపమంటారు. మా పాత శాస్త్రం మనిషిని తూచింది, వీళ్లు కాగితాన్ని తూస్తారు.

కాగితం దగ్గర మాకో చిక్కుంది. దూదేకుల అవ్వ చెప్పే సంగతికి, పీర్ల చావడి ముజావర్ ఎరిగిన చరిత్రకు అచ్చు ఎక్కడి నుంచి తేవాలి? మా బతుకు చాలావరకు అచ్చుకెక్కలేదు. ముజావర్‌ను అడిగితే తాత పేరు, ముత్తాత పేరు వరసగా చెప్తాడు. పుస్తకం పేరు, పేజీ నంబరు అడిగితే ఏం చెప్తాడు?