కొర్రల చేను

మూడేళ్ళ కిందట, మా పాప పుట్టిన కొత్తల్లో, కుటుంబ చరిత్ర రాద్దామని కూర్చున్నాను. హైదరాబాదులో పుట్టిన పిల్లకి కోయిలకుంట్ల దగ్గర తనకొక ఊరుందని తెలియాలి కదా. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ముందు ఎక్సెల్ షీట్ తెరిచాను. పేరు, ఎవరి కొడుకు, పెళ్ళాం ఏ ఊరి ఆడబిడ్డ. ఆరు తరాల మగవాళ్ళ పేర్లు దొరికాయి. ఆడవాళ్ళ గడులు మూడో తరం దాటితే ఖాళీ.

పేర్ల తర్వాత కథలు. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఒకటే. ధాత కరువులో మా ముత్తాతల్లో ఒకాయన కొర్రల పాతర తీయించి ఊరికి గంజి పోశాడట. మా జేజి ఈ మాట చెప్పేటప్పుడు గొంతు మారేది. మా దిక్కున ఈ రకం కథకు పెద్ద ఒరవడి ఉంది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది, జనం ఆయన మీద పాటలు కట్టుకున్నారు. ఇక ప్రతి ఇంటికీ తన సొంత వెంగళరెడ్డి ఒకడు కావాలనిపించడంలో వింత లేదు. మాకూ ఒకాయన ఉన్నాడు.

పోయిన ఏడాది పాత ఇల్లు పడగొడుతుంటే భోషాణం అడుగున ఒక కాయితం దొరికింది. గొలుసుకట్టు రాత, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పాత రికార్డులు చదవడం వచ్చిన పెద్దాయన ఒకరు చదివిపెట్టారు. ఈశ్వర నామ సంవత్సరం, అంటే 1877-78. మా ఊరి రైతు ఒకాయన తన నాలుగెకరాల చేను అమ్మాడు. ప్రతిఫలం కొర్రలు, కొంచెం రొక్కం. కొన్నది గంజి పోసినాయనే. ఆ చేను ఇప్పటికీ మాదే. దాని మీద పండిన శనగలతోనే మా నాన్న నా ఇంజినీరింగ్ ఫీజులు కట్టాడు.

ఆ కరువులో సర్కారు పనికి పోయిన మగమనిషికి రిచర్డ్ టెంపుల్ దొర ఖాయం చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఇది ఒంటికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. అట్లాంటి రోజుల్లో చేను అమ్మడాన్ని బేరం అనగలమా? మా పెద్దాయన చట్టం తప్పలేదు. ఆయన కొనకపోతే ఆ ఇంట్లో పిల్లలు చచ్చిపోయేవాళ్ళేమో. గంజి పోసిన మాటా నిజమే కావచ్చు. ఒకే మనిషి పొద్దున గంజి పోసి సాయంత్రం చేను రాయించుకోగలడు. ఈ సమాధానాలన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. అవి ఇంత సులభంగా తోచడమే నాకు అనుమానం కలిగించింది.

కాయితం సంగతి కూడా రాస్తానంటే మా పెదనాయన ఒప్పుకోలేదు. "సచ్చినోళ్ళను ఎందుకు లేపుతావురా? పిల్లోళ్ళకు ఆస్తి ఇయ్యి, పాత లెక్కలు ఇయ్యొద్దు" అన్నాడు. ఇది తోసేయదగ్గ మాట కాదు. కర్నూలు, కడప పల్లెల్లో పాత లెక్కలు మరవకపోవడం వల్ల ఎన్ని ఇళ్ళు పాడుబడ్డాయో ఆయన కళ్ళారా చూశాడు. తండ్రి పగ కొడుక్కి చెప్పడం కూడా కుటుంబ చరిత్రే. ఆ లెక్కన మరపు ఒక ధర్మం.

చాలా రోజులు దీనికి నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఒకటి తోచింది. ఫ్యాక్షన్ ఇళ్ళల్లో తరతరాలకీ అందేది వాళ్ళు మనకేం చేశారు అన్న లెక్క. మనం వాళ్ళకేం చేశాం అన్నది ఎవరూ పిల్లలకి చెప్పరు. కత్తి పట్టించేది మొదటి లెక్క. రెండోదాని వల్ల మహా అయితే తల దించుకోవాల్సి వస్తుంది. పెదనాయన భయం మొదటిదాని గురించి, నేను రాయబోయేది రెండోది.

మన చరిత్రలకి ఈ జబ్బు పాతదే. 1800లో నిజాం మా జిల్లాలని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశాక, మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల కవిలెలు చూసి కైఫియత్తులు తయారు చేశారు. కడప జిల్లావి బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. చెరువు ఎవరు వేయించారో, మాన్యం ఎవరికి దక్కిందో అందులో దొరుకుతుంది. మట్టి మోసినవాళ్ళ పేర్లు దొరకడం అరుదు. కవిలె ఎవరి చేతిలో ఉంటే ఊరి కథ వాళ్ళది. ఈరోజు మా ఇంటి కవిలె నా ల్యాప్‌టాప్‌లో ఉంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, అమ్మినాయన వంశంలో పెద్దాయన దగ్గరికి కాయితం జిరాక్సు పట్టుకుపోయాను. కొత్త సంగతి చెప్పబోతున్నానన్న బెరుకు నాలో ఉంది. ఆయన అద్దాలు పెట్టుకుని కాసేపు చూసి, "కొర్రల చేనుది కదా నాయనా" అన్నాడు. మేమూ దాన్ని కొర్రల చేను అనే అంటాం, ఒకప్పుడు కొర్ర వేసేవాళ్ళేమో అనుకుంటూ. "కొర్రలకు పోయిన చేను" అన్నాడాయన. వాళ్ళింట్లో పిల్లలకి కూడా తెలుసు. నూటయాభై ఏళ్ళుగా ఆ సంగతి ఎక్కడికీ పోలేదు. మరచిపోయింది మేమొక్కరమే. పెదనాయన లేపొద్దన్నవాళ్ళు పక్క వీధిలో మేలుకునే ఉన్నారు.

వాళ్ళ ఇంటిపేరు రాయొచ్చా అని అడిగాను. "మా పేరు ఎందుకులే, మీది రాసుకో" అన్నాడు. అట్లే చేశాను. ఫైల్లో గంజి కథ ఉంది, కింద కాయితం ఫోటో ఉంది. రెండిటికీ మధ్య నా తీర్పు రాయలేదు. చేను తిరిగి ఇవ్వాలా అన్న ప్రశ్న మాత్రం రాశాను. దానికి జవాబు నా దగ్గర లేదు. ఇచ్చేంత ధైర్యం లేదని కూడా రాశాను. మా పాప చదివేనాటికి చేనుతో పాటు ఆ ప్రశ్న కూడా తన వాటాకి వస్తుంది.