అందరి ముందూ అడిగితే

కడంబత్తూరులో రైలెక్కితే అరక్కోణం మీదుగా తిరుత్తణి ఎంతో దూరం కాదు. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా అది చిత్తూరు జిల్లా ఊరే. ఆడికృత్తికకు కావడి భుజానేసుకుని కొండ మీది గుడికి 365 మెట్లెక్కే తెలుగువాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సుబ్రహ్మణ్యస్వామి వల్లిని పెళ్ళాడింది అక్కడేనని స్థలపురాణం.

ఆ పెళ్ళి కథకు వచ్చేముందు ఈ కాలపు మాట ఒకటి. ఈ మధ్య ఇంటిల్లిపాదీ, స్నేహితులూ కలిసి షికారుకెళ్ళినప్పుడు అబ్బాయి ఉన్నట్టుండి మోకాలి మీద కూర్చుని, పెళ్ళాడతావా అంటూ అమ్మాయికి ఉంగరం చూపిస్తున్నాడు. చుట్టూ చప్పట్లు, సెల్‌ఫోన్లు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అన్ని కళ్ళ మధ్య ఆ పిల్ల "ఆలోచించుకుని చెబుతాను" అనగలదా? పాతకాలం పెళ్ళిచూపుల్లో "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అనే మాటుండేది. ఆ వెసులుబాటూ మగపెళ్ళివారిదే లెండి!

కొర్రచేను కాపలా కాస్తున్న వల్లిని స్వామి వేటగాడి వేషంలో అడిగాడు. కాదంది. ముసలివాడై వచ్చి, తేనె, కొర్రపిండి తిని మళ్ళీ అడిగాడు. మళ్ళీ కాదంది. చేలో చూసేవాళ్ళు లేరు, మొహమాటమూ లేదు. అప్పుడాయన అన్న వినాయకుణ్ణి ఏనుగుగా రప్పించి బెదరగొట్టాడు. దేవుడే అయినా, ఆ పని నాకు నచ్చదు.

అబ్బాయిలూ, షికారుకు ముందే ఆమెను విడిగా అడగండి. సరేనంటే, ఉంగరం అందరి ముందే తొడగండి. వీడియో కూడా తీయించుకోండి.