దగ్గరున్నా చలే

చలికాలం ఉదయాన తలకు రాసుకుందామని సీసా వంచితే కొబ్బరినూనె చుక్క కూడా రాలేదా? సుమారు 24 డిగ్రీలకంటే చల్లబడితే అది పేరుకుపోతుంది. ఎండలో పెట్టండి, గాజు అంచు నుంచి మెల్లగా కరుగుతుంది.

వింతేమిటంటే, ఏడాది మొత్తంలో భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదటివారంలోనే. అప్పుడు దూరం దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులైలో 15.2 కోట్లు. మరి ఈ చలెందుకు? భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉంది. జనవరిలో మన ఉత్తరార్ధగోళం సూర్యుడికి ఎడంగా వాలి ఉంటుంది. కిరణాలు ఏటవాలుగా పడతాయి, పగలూ తక్కువే.

దగ్గరుంటే చాలదు, అటు తిరిగి ఉండాలి. ఒకే ఇంట్లో ఉండేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఈ పూట నీరెండలో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, ఫోను పక్కనపెట్టి, వాళ్లు చెప్పేది వినండి.