మనం కౌలుదారులం



1976లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, కనాబ్ అనే చిన్న పట్టణంలో జనం ఒక దిష్టిబొమ్మను తగలబెట్టారు. అది ఏ రాజకీయ నాయకునిదో కాదు. ప్రపంచమంతా ఎరిగిన సినిమా నటుడు రాబర్ట్ రెడ్‌ఫోర్డ్‌ది. ఆయన చేసిన నేరమేమిటి?

ఆ ప్రాంతంలో కైపరోవిట్స్ అనే పీఠభూమి ఉంది. పైన ఎర్రని కొండలు, లోతైన లోయలు, అడుగున బొగ్గు. అక్కడ 3,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలని కొన్ని కంపెనీలు తలపెట్టాయి. చుట్టుపక్కల నేల చాలామటుకు ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రజలందరి పేర ప్రభుత్వం కాపాడవలసిన భూమి. దానిని పాడుచేయవద్దని రెడ్‌ఫోర్డ్ ఎదిరించారు. 1976లో కంపెనీలు ఆ పథకాన్ని విరమించుకున్నాయి. ఉద్యోగాలు వస్తాయని ఆశపడ్డ స్థానికులకు కడుపు మండింది.

వారి కోపాన్ని తేలికగా తీసిపారేయకండి. బిడ్డలకు పని కావాలన్నది న్యాయమైన మొర. కడుపు నిండిన నటుడు కొండల అందం గురించి మాట్లాడడం సులభమే అని వారు అనుకుని ఉంటారు. మరి ఆయన ఇతరులకు చెప్పినదాన్ని తన నేల మీద చేసి చూపారా? చూపారు. 1961లో ఆయన యూటా కొండల్లో రెండెకరాలు కొన్నారు. తరువాత సన్‌డాన్స్ అని తాను పేరు పెట్టిన లోయలో ఇంకా ఎంతో నేల కొన్నారు. ముక్కలు చేసి ఇళ్ల స్థలాలుగా అమ్మితే కోట్లు వచ్చేవి. కాని అందులో అధిక భాగాన్ని కట్టడాలు లేకుండా, అడవిగానే ఉంచారు.

లేవీయకాండము 25వ అధ్యాయంలో ప్రభువు ఇశ్రాయేలీయులకు ఒక సత్యం తెలియజేశాడు. భూమి తనదేననీ, వారు దాని మీద పరదేశులు, కౌలుదారులు మాత్రమేననీ. కౌలుదారు పంట తినవచ్చు. కాని నేలను చవుడు చేసి యజమానికి అప్పగించడానికి అతనికి హక్కు లేదు. మన తరువాత ఆ మడిలో దిగవలసిన బిడ్డలున్నారు.

కాపలా ఒక్కనాటితో తీరదు. ఇరవై ఏళ్ల తరువాత, 1996 సెప్టెంబరు 18న, ఆ పీఠభూమితో సహా సుమారు 17 లక్షల ఎకరాలను అమెరికా అధ్యక్షుడు క్లింటన్ జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించారు. ఆ సభలో రెడ్‌ఫోర్డ్ కూడా ఉన్నారు. 2017లో మరొక అధ్యక్షుడు దానిని దాదాపు సగానికి కుదించారు. 2021లో వేరొకరు పాత హద్దులను తిరిగి నిలబెట్టారు. 2025 సెప్టెంబరు 16న, తన 89వ యేట, రెడ్‌ఫోర్డ్ ఆ సన్‌డాన్స్ లోయలోని ఇంటిలోనే కన్నుమూశారు. ఆయనను పునీతుల వరుసలో చేర్చడం నా ఉద్దేశం కాదు. కాని పొరుగువారి ద్వేషాన్ని భరించి కూడా అందరి సొత్తును కాపాడిన ఆ ఓర్పు మనకు పాఠం కావాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. చెరువు శిఖం, పశువుల బీడు, వాగులోని ఇసుక, ఊరి శ్మశానం: ఇవి అందరివీ. అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నట్టు రోజుకొక గజం జరుపుకుపోయేవారు ఎందరో! పరాయివాడు ఆక్రమిస్తే అరుస్తాం. మరి ఆక్రమించినవాడు మన బావమరిదో, మన విచారణ పెద్దో అయితే? అప్పుడు మన నోరెందుకు మూతపడుతుంది? ఆ గట్టు జరిపింది మనమే అయితే, పాపసంకీర్తనంలో ఆ మాట ఎన్నడైనా చెప్పుకున్నామా?

భూమి మొరను, పేదల మొరను కలిపి ఆలకించమని ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో తమ ‘లౌదాతో సి’ విశ్వలేఖలో బోధించారు. కాబట్టి వద్దని చెప్పి ఊరుకుంటే చాలదు. ఆ ఇసుక మీద, ఆ బీడు మీద బ్రతికే కూలివానికి వేరొక దారి చూపడం కూడా మన పనే.

ఈ ఆదివారం పూజ తరువాత పిల్లలను వెంటబెట్టుకుని మీ ఊరి చెరువుగట్టు మీదికి వెళ్లండి. దాని హద్దు ఒకప్పుడు ఎక్కడ ఉండేదో పెద్దలనడిగి వారికి చూపించండి. అక్కడే నిలబడి ఇలా ప్రార్థించండి: ప్రభువా, ఈ నేల నీది. నీవు లెక్క అడిగిన నాడు తలవంచుకోని కౌలుదారులుగా మమ్ము నిలుపు. ఆమెన్.