బైతుల్ ముఖద్దస్ నేర్పే పాఠం

దివ్య ఖుర్ఆన్‌లో బనీ ఇస్రాయీల్ సూరా ప్రారంభ ఆయతులను మనం ఎన్నోసార్లు పారాయణం చేశాం. ఇస్రాయీల్ సంతతి రెండుసార్లు భూమిపై కల్లోలం రేపడం, రెండుసార్లూ శత్రువులు వారిపై విరుచుకుపడి ఆరాధనాలయంలో చొరబడటం అందులో ప్రస్తావించబడింది. ఆ ఆలయ చరిత్ర మనకెందుకు వినిపించబడిందో ఆలోచిద్దాం.

క్రీ.పూ. 10వ శతాబ్దంలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) జెరూసలేంలో ఏకైక ప్రభువు ఆరాధన కోసం ఆ గృహాన్ని నిర్మించారు. నిర్మాణం పూర్తయ్యాక ఆయన అల్లాహ్‌ను మూడు విషయాలు అర్థించారని హదీసులో ఉంది. వాటిలో ఒకటి: కేవలం నమాజు సంకల్పంతో అక్కడికి వచ్చేవాడు తల్లి కన్న రోజులా పాపరహితుడై తిరిగి వెళ్ళాలి. భవనం కలకాలం నిలవాలన్న కోరిక ఆ మూడింటిలో లేదు. అక్కడికి వచ్చే దాసుల క్షమాపణ గురించే ఆయన ఆరాటపడ్డారు.

తరువాతి తరాలవారు దీనిని మరిచారు. విగ్రహాలను ఆశ్రయించారు, అనాథల, వితంతువుల హక్కులు కాజేశారు. అయినా 'ఆలయం మన మధ్య ఉంది, మనకేమీ కాదు' అని ధీమాగా ఉన్నారు. ఆ ధీమా మోసమని యిర్మియా ప్రవక్త ఆలయ ద్వారం దగ్గరే నిలబడి హెచ్చరించినట్లు పూర్వ గ్రంథాలలో ఉంది. వారు వినలేదు. క్రీ.పూ. 586 ప్రాంతంలో బాబిలోను రాజు బుఖ్తె నసర్ ఆ ఆలయాన్ని తగులబెట్టి, ప్రజలను బందీలుగా తీసుకుపోయాడు.

అల్లాహ్ మరో అవకాశం ఇచ్చాడు. పారశీక చక్రవర్తి సైరస్ అనుమతితో వారు తిరిగివచ్చి, క్రీ.పూ. 515 నాటికి ఆలయాన్ని మళ్ళీ కట్టుకున్నారు. కాని హజ్రత్ యహ్యా (అ)ను వారి పాలకుడే చంపించాడు. హజ్రత్ ఈసా (అ) సందేశాన్ని వారి పెద్దలు తిరస్కరించారు. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ సైన్యం ఆ రెండవ ఆలయాన్నీ నేలమట్టం చేసింది.

సోదర సోదరీమణులారా! ఇది మరొక జాతిని చిన్నచూపు చూడటానికి చెప్పిన గాథ కాదు. గ్రంథం పొందిన సముదాయానికి జరిగినది గ్రంథం పొందిన మనకూ హెచ్చరికే. మన ఊళ్ళలో మస్జిదులకు పాలరాయి పరుస్తున్నాం, మినార్లు ఎత్తుగా కడుతున్నాం. సంతోషమే. మరి ఫజ్ర్ నమాజులో ఎన్ని వరుసలు నిండుతున్నాయి? వరుసలో నిలబడిన మనం ఆడపిల్లకు వారసత్వ వాటా ఇస్తున్నామా? కట్నం అడగకుండా కొడుకు నికాహ్ చేస్తున్నామా? వడ్డీకి దూరంగా ఉన్నామా? వీటికి జవాబు లేనప్పుడు గోడల అందం మనల్ని కాపాడుతుందా?

అయితే ఆ ఆయతులలో ఉన్నది శిక్ష ఒక్కటే కాదు. మీరు మరలివస్తే మీ ప్రభువు కరుణిస్తాడన్న ఆశ కూడా అక్కడే ఉంది. ఆ తలుపు మనకూ తెరిచే ఉంది.

అల్లాహ్ మన మస్జిదులను భయభక్తులు గల హృదయాలతో నింపుగాక! ఆమీన్.