వైద్యం అమానతా, అంగడి సరుకా?

అర్ధరాత్రి ఇంట్లో అబ్బాజాన్‌కు గుండెనొప్పి వస్తుంది. ఆటోలో ఎక్కించుకొని దగ్గరున్న ఆసుపత్రికి పరుగెత్తుతాం. కౌంటరు దగ్గర “ముందు అడ్వాన్సు కట్టండి” అంటారు. అప్పుడు మనం బేరమాడగలమా? “ఇంకోచోట చూసుకుంటాం” అని వెనుదిరగగలమా? బట్టలు కొనేటప్పుడు నాణ్యత చూస్తాం, ధర అడుగుతాం, నచ్చకపోతే లేచి వచ్చేస్తాం. రోగికి ఈ మూడింటిలో ఏదీ సాధ్యం కాదు. తనకు ఏం జబ్బు చేసిందో, దానికి ఏం కావాలో అతనికి తెలియదు. అమ్మేవాడే అది కూడా చెప్పాలి. కాబట్టి ప్రజల సొమ్ముతో నడిచే వైద్యాన్ని ప్రైవేటుపరం చేయవచ్చా అన్నది కేవలం జమాఖర్చుల ప్రశ్న కాదు. అది నీతికి, జవాబుదారీతనానికి సంబంధించిన ప్రశ్న.

ఈ విషయమై ఎంతోకాలంగా తీవ్రమైన చర్చ జరుగుతున్న దేశం బ్రిటన్. మన తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లిన వైద్యులు ఎందరో అక్కడి జాతీయ ఆరోగ్య సేవలో పనిచేస్తున్నారు కనుక దాని పేరు మన ఇళ్లకు కొత్త కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఆర్థికంగా చితికిపోయిన ఆ దేశం 1948 జూలై 5న ఈ వ్యవస్థను ప్రారంభించింది. అప్పటి ఆరోగ్యమంత్రి అనైరిన్ బెవాన్. దాని మూలసూత్రం చాలా సరళమైనది: పన్ను స్తోమతను బట్టి, వైద్యం అవసరాన్ని బట్టి. ఇంగ్లండులో మందుల చీటీకి, పళ్ల వైద్యానికి తర్వాత కొంత రుసుము వచ్చినా, అక్కడ నివసించేవారికి ఆసుపత్రి చికిత్స నేటికీ ఉచితమే.

అయితే ప్రైవేటీకరణ కోరేవారి వాదనను వినకుండానే కొట్టిపారేయడం న్యాయం కాదు. ఇంగ్లండులో చికిత్స కోసం వేచి ఉన్న కేసుల సంఖ్య 2023లో 77 లక్షలు దాటింది. స్టాఫర్డ్ పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో కొందరు రోగులకు తాగేందుకు నీళ్లు కూడా సరిగా అందలేదని విచారణలో తేలింది. 2013లో వెలువడిన తుది నివేదిక ఆ దేశాన్ని కుదిపివేసింది. “యజమాని లేని ఇల్లు ఇలాగే ఉంటుంది. పోటీ పెట్టండి, శ్రద్ధ అదే వస్తుంది” అని వారంటారు. మన ప్రభుత్వాసుపత్రుల వరండాలలో గంటల తరబడి నిలబడినవారికి ఈ మాట సబబుగానే తోస్తుంది.

మరి దీనికి సమాధానం ఏమిటి? మనకు బాగా తెలిసిన వక్ఫ్ విధానంలోనే అది ఉందని మేము భావిస్తున్నాం.

1284లో సుల్తాన్ మన్సూర్ ఖలావూన్ కైరోలో ఒక గొప్ప వైద్యశాల కట్టించారు. ధనికులు, పేదలు, స్త్రీలు, పురుషులు అన్న తేడా లేకుండా అందరికీ అక్కడ చికిత్స జరిగేది. ఖర్చు వక్ఫ్ ఆస్తుల ఆదాయం నుంచి వచ్చేది. వక్ఫ్ చేసిన ఆస్తిని అమ్మకూడదు, కానుకగా ఇవ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. ముతవల్లీ దానికి కాపలాదారు మాత్రమే, యజమాని కాదు. ముతవల్లీ సొమ్ము కాజేస్తే మనం ఏం చేస్తాం? లెక్క అడుగుతాం, అతణ్ణి తొలగిస్తాం. “వక్ఫ్‌ను అమ్మేద్దాం” అనం. కాపలాదారు దొంగ అయినంత మాత్రాన అమానతు అమానతు కాకుండా పోదు.

అదే సమయంలో, పైకప్పు కారుతుంటే ముతవల్లీ మేస్త్రీని పిలిచి కూలి ఇచ్చి బాగుచేయిస్తాడు. అందులో తప్పేమీ లేదు. కూలి ఇచ్చి పని చేయించుకోవడం వేరు, ఇల్లే రాసివ్వడం వేరు. బ్రిటన్‌లో కుటుంబ వైద్యులలో అత్యధికులు 1948 నుంచీ ప్రభుత్వంతో ఒప్పందం మీదే పనిచేస్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు ఆసుపత్రులలోనూ పేదలకు శస్త్రచికిత్సలు చేయించింది. కాబట్టి ప్రైవేటు చేయి తగలడమే దోషం కాదు. అసలు ప్రశ్న ఇది: లాభం రానినాడు రోగి దగ్గర మిగిలేది ఎవరు?

దీనికి ఇంగ్లండులోనే ఒక ఉదాహరణ ఉంది. అక్కడి హించింగ్‌బ్రూక్ ఆసుపత్రి నిర్వహణను 2012లో ఒక ప్రైవేటు కంపెనీ పదేళ్ల ఒప్పందంపై చేపట్టింది. ఇక భరించలేమంటూ 2015లోనే తప్పుకుంది. ఆసుపత్రి తిరిగి ప్రభుత్వ వ్యవస్థ చేతికే వచ్చింది. కంపెనీ వెళ్లిపోగలిగింది, రోగులు ఎక్కడికి వెళ్లగలరు? వెళ్లిపోగలిగినవాడు కూలికి వచ్చినవాడే. వెళ్లడానికి వీల్లేనివాడే బాధ్యుడు. ఆ బాధ్యతను ఎవరికీ అమ్మడానికి వీల్లేదన్నదే మా అభిప్రాయం.

చివరిగా మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. నాలుగు రాళ్లు చేతికి రాగానే మనలో చాలామంది ప్రభుత్వాసుపత్రి గడప తొక్కడం మానేశాం. మాట చెల్లేవారంతా వెళ్లిపోయాక అక్కడ మందులు లేవని, డాక్టరు రాలేదని అడిగేదెవరు? మిగిలింది నోరులేని పేదలే. అమ్మకుండానే ఆ అమానతును మనమూ వదిలేసినట్లు కాదా? పన్ను నిజాయితీగా కట్టడం, ఊళ్లోని ఆసుపత్రి ఎలా నడుస్తోందో వెళ్లి చూడటం, లెక్క అడగడం మన బాధ్యత. అమానతు గురించి రేపు అల్లాహ్ సమక్షంలో ముతవల్లీ ఒక్కడే కాదు, చూస్తూ ఊరుకున్న మనం కూడా జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.