ఘంటానాద పరమార్థము

దేవాలయమునకు వెళ్లిన భక్తుడు లోనికి అడుగిడుచు చేయి పైకెత్తి గంటను మ్రోగించును. చిన్నవానిని భుజముపై కెత్తుకొని వాని చేత గంట కొట్టించు తండ్రి ముఖమున కనబడు సంతోషము చూడదగినది. అయితే ఈ గంటను మనము ఎవరి కొఱకు మ్రోగించుచున్నాము? మనస్సులోని మాటను సైతము ఎఱిగిన సర్వాంతర్యామికి కంచు మ్రోతతో పని యున్నదా? ఈ ప్రశ్నను గూర్చి కొంచెము విచారింతము.

‘గంట’ అను చిన్న పదము మోయుచున్న అర్థములు పెక్కు. సంస్కృతమున ‘ఘంటా’ యని యున్నది మన నోట గంట యైనది. మ్రోగు వస్తువును గంటయే, అఱువది నిమిషముల కాలమును గంటయే. పూర్వము అడుగున సన్నని రంధ్రము గల రాగి గిన్నెను నీటిపై నుంచెడివారు. అది నిండి మునుగుటకు పట్టు కాలము ఒక ఘటిక, అనగా 24 నిమిషములు. మునిగినంతనే కంచు పలకను మ్రోగించి ఊరివారికి వేళ తెలిపెడివారు. అట్టి ఘటికలు రెండున్నర యైనచో నేటి గంట. వేళను చెవితో తెలిసికొనిన ఆ దినములలో మ్రోతయే కాలమునకు పేరైనది.

గంటలు కట్టిన ఏనుగులు నడచు రాజమార్గమును ‘ఘంటాపథ’ మందురు. మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి భారవి కిరాతార్జునీయమునకు వ్రాసిన వ్యాఖ్యకు అదియే పేరు. సందేహమునకు తావు లేకుండ పలుకుటను మనము ‘ఘంటాపథముగా చెప్పుట’ అనుచున్నాము. ఆంగ్లపు బెల్లును మన యిండ్లలో చేరినది. బడి బెల్లు, సైకిలు బెల్లు, కాలింగ్ బెల్లు. 1876లో టెలిఫోనునకు పేటెంటు పొందిన గ్రాహంబెల్ ఇంటిపేరును అదియే. ధ్వని తీవ్రతను కొలుచు డెసిబెల్ ఆయన పేర ఏర్పడినదే. ధ్వని ఎంతటిదో ఆ కొలత తెలుపును గాని, అది ఎవరిని పిలుచుచున్నదో తెలుపజాలదు.

భాగ్యనగరమున నాంపల్లి స్టేషను నుండి ఆబిడ్స్ మీదుగా కొంత దూరము నడచినచో గన్‌ఫౌండ్రీ వచ్చును. 18వ శతాబ్ది చివర నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోత పోయించిన తావు అది. ‘తోప్ కా సాంచా’ యని జనులు దానిని పిలిచిరి. అచ్చటనే నేడు సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ గోపురములలో ఇటలీ నుండి తెచ్చిన గంటలు ప్రార్థనకు పిలుచుచున్నవి. గంటకు వలసినదియు రాగి, తగరములే. నాటి కంచు ఫిరంగికి వలసినదియు అవియే. గంట కంచులో సుమారు ఐదింట నాలుగు పాళ్లు రాగి, ఫిరంగి కంచులో పదింట తొమ్మిది పాళ్లు. మిగిలినది తగరము. రెండు ప్రపంచ యుద్ధములలోను ఐరోపాలో వేలకొలది చర్చి గంటలను యుద్ధ సామగ్రి కొఱకు కరగించిరి. లోహమునకు పుణ్యపాపములు లేవు. దానిని పట్టిన చేతి సంకల్పమే దానిని గంటగనో ఫిరంగిగనో చేయుచున్నది.

ఆ దారికి అనతి దూరమున నౌబత్ పహాడ్ కొండపై 1976లో ప్రతిష్ఠ జరిగిన శ్రీ వేంకటేశ్వరస్వామి వారి బిర్లా మందిరము కలదు. ధ్యానమునకు అనువుగా నుండవలెనని అచ్చట గంటలు కట్టలేదు. తిరుమల శ్రీవారి గంటయే వేదాంత దేశికులుగా అవతరించినదని శ్రీవైష్ణవ సంప్రదాయము. గంట లేకున్నను స్వామి కలడు. కావున గంట స్వామి కొఱకు గాదు. ఇల్లు, అంగడి, కార్యాలయము చుట్టు తిరుగుచున్న మన మనస్సును పిలుచుటకే.

ఈ సత్యమును నాకు తెలిపినది శాస్త్రము గాదు, నా తప్పిదమే. చాల యేండ్ల క్రిందట నాంపల్లిలో ఒక యింటి మేడమీద అద్దెకుంటిని. ఒకనాటి సాయంకాలము హారతి యిచ్చుచుండగా వాకిట కాలింగ్ బెల్లు మ్రోగినది. పూజ నడుమ లేవరాదని తలచితిని. మరల మ్రోగినది. విసుగు కలిగి, చేతి గంటను మఱింత గట్టిగా మ్రోగించితిని. బయటి గంట ఆగినది. పూజ ముగించి తలుపు తీయగా ఎవరును లేరు.

క్రింది వాటాలోని ముసలమ్మకు ఆయాసము వచ్చినదనియు, సాయము కోరి మనుమడు పైకి వచ్చెననియు మఱునాడు తెలిసినది. వీథిలోని రిక్షావాడు ఆమెను ఆసుపత్రికి చేర్చినాడట. దైవకృపచే ఆమె కోలుకొన్నది. చూడబోయిన నాతో, “పూజలో ఉన్నవట గద బిడ్డా, నీ గంట మాకు వినబడ్డది” అన్నది. ఆ మాటలో నిందలేదు. అందుచేతనే అది నన్ను నేటికిని విడువలేదు.

హరివంశమున ఘంటాకర్ణుని కథ కలదు. శివభక్తుడైన ఆ పిశాచము విష్ణునామము చెవిని బడరాదని చెవులకు గంటలు కట్టుకొనెను. తుదకు శివుడే వానిని విష్ణువును ఆశ్రయింపుమని పంపగా, బదరిలో శ్రీకృష్ణుని దర్శించి తరించెను. భక్తి లేక గాదు, భక్తి పేరనే వాడు చెవులు మూసికొనెను. ఆ సాయంకాలము నేనును అట్టివాడనే.

తిరువారూరున మనునీతి చోళుడు వ్రేలాడదీయించిన ధర్మగంట కథ ప్రసిద్ధము. రాకుమారుని రథము క్రింద దూడ మరణింపగా తల్లియావు వచ్చి ఆ గంటను లాగినది. రాజు నోరు లేని జీవి పిలుపును విని, కన్నకొడుకని చూడక న్యాయము చేసెను. దేవుని గంట మనము మ్రోగించునది. ధర్మగంట ఇతరులు మన కొఱకు మ్రోగించునది. మొదటి దానిని మనకు అనుకూలమైన వేళ మ్రోగింతుము. రెండవది వేళ చూచి మ్రోగదు.

పూజను విడువుమని నా భావము గాదు. నిత్యము గంట మ్రోగించి చెవిని మేల్కొలిపికొనుట ఆ రెండవ గంటను వినుటకే యని నా మనవి. హారతి పళ్లెరమును ఒక్క క్షణము క్రింద నుంచి తలుపు తీసినచో స్వామి అలుగడు. వాకిట నిలిచి పిలిచినది ఆయనయే కావచ్చును.